రెండు రోడ్లు కనపడే పెట్టె

"మీ షాపులో అన్నిటికంటే లావు అద్దాలు ఏవన్నా?" అని అడిగిన మనిషిని లోకనాథ్ తన ఇరవై రెండేళ్ల పనిలో చూడలేదు. ప్రొద్దుటూరులో కళ్లద్దాల షాపుకు వచ్చేవాళ్లందరూ సన్నని అద్దాలే అడుగుతారు. లావుగా ఉంటే ముఖం చిన్నబోతుందని, పెళ్లి చూపులకు పనికిరాదని, నంబరు తగ్గించి వెయ్యమని బతిమాలుతారు. ఈ అమ్మాయి కౌంటరు మీద మోచేతులు ఆనించి, లావు అద్దాల కోసమే జమ్మలమడుగు నుంచి బస్సెక్కి వచ్చానంది.

కౌంటరు దగ్గరున్న ఓనరు జగదీశ్ నవ్వాడు. "ఎవురికి మ్మా? మీ నానమ్మకా?"

"నాకే. కారు తోలేదానికి."

"సోడాబుడ్డి అద్దాలు పెట్టుకొని కారు తోలితే మేమంతా ఇండ్లల్లోనే ఉండాల ఆ రోజు."

"కంప్యూటర్‌లో తోలేదన్నా. మీకేం కాదు, రోడ్డు మీద తిరగొచ్చు."

జగదీశ్ ఆమెను వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న లోకనాథ్ దగ్గరికి పంపాడు. ఆమె పేరు ఆర్షియా. ఇడుపులపాయలో చదువు ముగించి, ఇంట్లోంచే ఏదో కంపెనీకి కంప్యూటర్ పని చేస్తోంది. పని అయ్యాక కారు పందేలు ఆడుతుంది. ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో నెట్‌లో ఒకే ట్రాకు మీద కలుస్తారు. ఆమె దగ్గర ఉన్నది ఒక్క చిన్న తెర.

"మలుపులో పక్కన ఎవురొస్తాండారో చూడాలంటే తల తిప్పాల గదన్నా. తిప్పితే మా ఇంటి గోడ కనపడతాది," అంది.

అందుకని తెరనే తలకు కట్టుకోవాలనుకుంది. ఫోను తెరంత తెర ఒకటి, తల ఎటు తిరిగిందో కనిపెట్టే వేలెడంత బోర్డు ఒకటి అప్పటికే తెప్పించింది. తల తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది. కళ్లకు రెండంగుళాల దూరంలో ఉండే ఆ తెర స్పష్టంగా కనపడాలంటే లావు అద్దాలు కావాలి. అలాంటివి తయారుగా అమ్ముతారు కదా అని లోకనాథ్ అడిగితే, "అమ్ముతారు. అవి ఎవురో చేసినవి," అంది. అంతకుమించి వివరించలేదు.

లోకనాథ్ అడుగు సొరుగు లాగాడు. కంటిలో పొర తీసే ఆపరేషన్ అయ్యాక లోపలే లెన్సు పెట్టడం రాని రోజుల్లో, ముసలివాళ్లకు పది నంబరు అద్దాలు వేసేవాళ్లు. జగదీశ్ తండ్రి కాలంలో తెప్పించిన జతలు పాత కాగితాల్లో చుట్టి అలాగే ఉన్నాయి. పారేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. లోకనాథ్ రెండు పది నంబర్లను ఉబ్బు వైపులు ఎదురెదురుగా చేర్చి పట్టుకున్నాడు. రెండూ కలిస్తే ఇరవై. ఆర్షియా దాన్ని కంటికి ఆనించుకొని, రెండంగుళాల దూరంలో తన చూపుడువేలు పెట్టుకొని చూసింది. చాలాసేపు చూసింది. వేలిముద్ర గీతలు ఆమెకు దున్నిన చేనులా కనపడి ఉంటాయి.

"ఇంకో కంటికి గూడా ఇట్లనే ఉండాదా?" అంది.

ఆ తర్వాత ప్రతి మంగళవారం వచ్చేది. జగదీశ్ వ్యాపారం పలచగా ఉండే రోజు అది. వెనక గది బల్ల మీద పేపరు పరిచి, ఫ్లెక్సీలు అంటించే సన్‌బోర్డును కత్తితో కోసి పెట్టె చేసేది. మొదటి పెట్టెలో ముక్కుకు చోటు చాల్లేదు. రెండోదానిలో వెలుతురు సందుల్లోంచి దూరింది. మూడోది బరువుకు ముందుకు వాలింది. చెడిపోయిన ప్రతిసారీ ఆమె ఒకటే పని చేసేది. అన్నీ విప్పి, మరలతో సహా పేపరు మీద వరసగా పేర్చి, మొదటి మర నుంచి మళ్లీ మొదలుపెట్టేది. విసుక్కోవడం లేదు, తొందర లేదు. తప్పు ఎక్కడుందో ముందే ఊహించుకొని అక్కడికే పోవడమూ లేదు. ఆమె పని చేస్తుంటే లోకనాథ్ అరగదీసే యంత్రం ఆపేసి చూస్తూ ఉండిపోయేవాడు. ఓడిపోవడాన్ని ఒక పనిముట్టులా వాడుకునే మనిషిని అతను అంతకుముందు ఎరగడు. తాను ఓడిపోయినదాన్ని ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకొని తిరుగుతున్నవాడు.

లోకనాథ్ ఎడమ కన్ను చూడదు. గుడ్డిది కాదు. వెలుతురు తెలుస్తుంది, మసకగా ఆకారాలు తెలుస్తాయి. కానీ కుడికన్ను చూస్తున్నంతసేపూ అది పక్కకు తప్పుకొని నిలబడుతుంది. చాపాడు దగ్గర పల్లెలో గొర్రెలు కాచే ఇంట్లో పుట్టాడు. గొర్రెను మళ్లించడానికి రాయి విసిరితే ఏ రోజూ అనుకున్న చోట పడలేదు. తండ్రి చేతకాని చెయ్యి అన్నాడు, అతనూ నమ్మాడు. అసలు సంగతి షాపులో చేరిన రెండో ఏడు, ఎవరూ లేనప్పుడు తనకు తానే కళ్లు పరీక్ష చేసుకుంటే తెలిసింది. అప్పటికి పని చేతికొచ్చింది. అద్దం నంబరు చూసే యంత్రానికి ఉండేది ఒకటే గొట్టం. ఒక కన్ను పెట్టి చూస్తే చాలు. అందుకే ఎవరికీ తెలియలేదు. జనాల రెండేసి కళ్లకు అద్దాలు వేసేవాడికి ఉన్నది ఒకటేనని తెలిస్తే ఏమవుతుందో అతను ఆలోచించడం మొదలుపెట్టేవాడు గానీ, చివరిదాకా పోయేవాడు కాదు.

నాలుగో పెట్టె నిలబడింది. దానికి అద్దాలు బిగించే పని లోకనాథ్‌ది. షాపులో ఎవరికైనా చేసినట్టే ఆర్షియాను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న స్కేలుతో రెండు కనుపాపల మధ్య దూరం కొలిచాడు. దూరంగా చూసేటప్పుడు అరవై మిల్లీమీటర్లు. చదివేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి కాబట్టి యాభై ఆరు. అలవాటు ప్రకారం కార్డు మీద 60/56 అని రాసి ఇచ్చాడు. అద్దాలు బిగించి, తానే ముందు ముఖానికి పెట్టుకొని చూశాడు. కారు ముందు భాగం, ఎండలో నల్లటి రోడ్డు, పక్కన గడ్డి. తల తిప్పితే కారు పక్క అద్దంలో వెనకాల రోడ్డు కూడా కనపడింది.

"శానా బాగుండాది మ్మా," అన్నాడు.

ఆర్షియా పెట్టుకొని ఒక నిమిషం కదలకుండా ఉంది. తీసేసి కణతలు నొక్కుకుంది. "నాకు రెండు రోడ్లు కనపడతాండాయన్నా. ఒకదాని మీద ఒకటి. నీకు?"

"నాకైతే ఒకటే."

జగదీశ్ వచ్చి పెట్టుకొని పది సెకన్లలో తీసేశాడు. "తల తిరుగుతాంది. ఇట్లాంటివి నాకు పడవు," అని కౌంటరుకు పోయాడు. కొత్తలో అందరికీ తల తిరగడం మామూలేనని నెట్‌లో కూడా రాశారట. ఆర్షియా పెట్టెను సంచిలో పెట్టుకొని వెళ్లింది.

ఆమె వెళ్లాక లోకనాథ్‌కు అర్థమైంది. తెరలో కుడికంటికి ఒక బొమ్మ, ఎడమకంటికి ఒక బొమ్మ ఉన్నాయి. అవి రెండూ కలిసి ఒకటైనాయా లేదా అని చెప్పగలిగేది రెండు కళ్లున్నవాళ్లు. తాను ఒకే బొమ్మ చూశాడు, ఒకటే అన్నాడు. అది అబద్ధం కాదు. అబద్ధమైతే మర్నాడే ఫోను చేసి ఒప్పుకొని ఉండేవాడేమో. నిజమే చెప్పాననే సాకు అతన్ని మూడు వారాలు నోరు మెదపనివ్వలేదు.

ఆ మూడు వారాలూ ఆర్షియా తప్పును తన పనిలో వెతికింది. బొమ్మ ఆలస్యంగా వస్తోందేమోనని ప్రోగ్రాము మొదటి నుంచి రాసింది. తెర బోర్డు మార్చింది. తల కనిపెట్టే బోర్డును నుదుటి మీంచి పెట్టె పైకి జరిపింది. ఒక మంగళవారం వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముందురోజు రెండుసార్లు వాంతి అయిందని మామూలు మాటలా చెప్పింది.

"అద్దాల్లో ఏం లేదు గదన్నా?" అని అడిగింది.

"లేదు మ్మా."

ఆమె తల ఊపి మళ్లీ మరలు పేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ తల ఊపడంలో అనుమానం లేదు. లోకనాథ్‌ను అంతవరకూ ఎవరూ అంత నమ్మకంగా చూడలేదు. గీత పడిన అద్దాన్ని తిట్టడానికి మాత్రమే జనం అతని ముఖంలోకి చూస్తారు. ఈ చూపు పోతుందన్నదే తన భయమని, ఉద్యోగం గురించిన భయం దానికి తొడిగిన చొక్కా మాత్రమేనని ఆ రోజు తనకు తెలిసింది. తెలిసినా చెప్పలేదు.

ఆ ఏటి ఆఖరి పందెం ఆదివారం. పులివెందులలో వివేక్ అనే అతని గేముల షాపులో మంచి స్టీరింగు, మంచి నెట్టు ఉన్నాయి. అక్కడి నుంచి ఆడతానని, తాను చేసిన పెట్టె పెట్టుకొనే ఆడతానని ఆర్షియా అందరికీ చెప్పేసింది. గురువారం షాపుకు సెలవు పెట్టించి, లోకనాథ్‌ను జమ్మలమడుగు రమ్మంది. తలకు పట్టీ బిగించాలి.

ఆమె నాన్న ఫకీర్ సాహెబ్ పదకొండేళ్లు కువైట్‌లో వెల్డింగు చేసి వచ్చి, ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నాడు. కువైట్ నుంచి తెచ్చుకున్న వెల్డింగు టోపీలోంచి లోపలి పట్టీని, వెనక తిప్పితే బిగుసుకునే చక్రంతో సహా, కూతురు అప్పటికే ఊడదీసింది.

"చూడు లోకనాథప్పా," అన్నాడు ఫకీర్ సాహెబ్, పట్టీలేని టోపీని ఒక చేత్తో ముఖానికి అడ్డం పెట్టుకొని. "ఒక చెయ్యి టోపీకి, ఒక చెయ్యి వెల్డింగుకు. గేటు పట్టుకొనేదానికి మూడో చెయ్యి యాడ తెచ్చేది?"

"నీకు చేస్తా లే అబ్బా ఇంకోటి," అంది ఆర్షియా.

"ఈ పెట్టె అయినంక గదా! నా మనవళ్లకు పనికొస్తాదిలే."

పట్టీ బాగా కుదిరింది. బరువంతా తల వెనక్కు పోయింది. ముందుగా ఫకీర్ సాహెబ్ పెట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకున్నట్టు గాల్లో చేతులు చాపి, అటూ ఇటూ తల తిప్పి ఆగిపోయాడు.

"ఇదేంది పాపా, రెండు రోడ్లుండాయి? యా రోడ్డు మీద పోవాల?"

టీ గ్లాసులు తెచ్చిన ఆర్షియా తల్లి అఖ్తర్ బీ, "కువైట్‌లో గూడా ఆయన అట్లనే తోలినాడు," అంది. లోకనాథ్ నవ్వాడు. ఆర్షియా నవ్వలేదు.

ఆమె తండ్రి తల మీంచి పెట్టె తీసుకొని ఒళ్లో పెట్టుకుంది. "నాకూ రెండే. అబ్బాకూ రెండే. లోకన్నకు ఒకటి," అంది నెమ్మదిగా. "అంటే పెట్టె బాగుండాది. మా ఇంటోళ్ల కళ్లల్లోనే ఏందో ఉండాది. ఇన్ని దినాలూ నేను పెట్టెను అనుమానించినా." చక్రం వెనక్కి తిప్పి పట్టీ వదులు చేయసాగింది. "అన్నా, ప్రొద్దుటూరులో మంచి డాక్టరుకు నా కళ్లు చూపించు. ఆదివారం రానని వివేక్‌కు చెప్తా."

ఆమె గొంతులో ఏడుపు లేదు. మొదటి మర నుంచి చివరి మరదాకా వెతికి, మిగిలినదాన్ని ఒప్పుకునే మనిషి ఆమె. తప్పుడు సాక్ష్యం మీద కూడా అంతే న్యాయంగా తీర్పు చెప్పి, ఆ తీర్పు తన కళ్ల మీదే వేసుకుంది. చక్రం ఇంకో రెండు చుట్లు తిప్పితే పట్టీ ఊడి వస్తుంది. లోకనాథ్ ఆమె చేతి వేళ్లనే చూస్తున్నాడు.

"నీ కళ్లు బాగుండాయి మ్మా," అన్నాడు. "నాదే. నాకు ఎడమకన్ను చూడదు. ఒక కంటితో చూస్తే ఏదైనా ఒకటే కనపడతాది."

ఆర్షియా వేళ్లు చక్రం మీదే ఆగాయి. రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది.

"ఎప్పట్నుంచి?" అంది ఆర్షియా.

"పుట్టినప్పట్నుంచి."

"అది గాదు. నాకు చెప్పకుండా ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు."

"మూడు వారాలు నా తల పగలగొట్టుకున్నా అన్నా. అద్దాల్లో ఏం లేదా అని నిన్ను అడిగినా. నా ముఖం చూసి లేదంటివి."

"పాపా..." అన్నాడు ఫకీర్ సాహెబ్.

"ఉండు అబ్బా. ఆయనకు కన్ను లేకపోతే నాకేం? నోరుండాది గదా!"

లోకనాథ్ తల వంచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఏ నిందకు భయపడ్డాడో ఆ నింద వచ్చింది. కానీ అది కంటి గురించి కాదు. ఆ సంగతి అతనికి వింతగా తోచింది. ఆమె లేచి షెడ్డు గుమ్మం దాకా పోయి, అటు తిరిగి కాసేపు నిలబడింది. బస్టాండుకు పోవాలేమోనని లోకనాథ్ కూడా లేవబోయాడు. ఆమె వెనక్కి వచ్చి పెట్టె ముందు చతికిలబడింది. కోపం ముఖంలో అలాగే ఉంది. చేతులు మాత్రం పనిలోకి దిగాయి.

"చూసిన ఇద్దరికీ రెండే. అంటే పెట్టెదే తప్పు. నా పని అంతా మూడేసిసార్లు చూసినా. చూడంది అద్దాలొకటే. యాడ బిగించినావు?"

"నీ కార్డు ప్రకారమే. మధ్యలో యాభై ఆరు."

"యాభై ఆరా? ప్రోగ్రాములో నేను అరవై కొట్టినా. నువ్వు ముందర రాసింది అదే గదా!"

"అది దూరం చూపుకు మ్మా. తెర కళ్లకు రెండంగుళాల్లో ఉండాది. ఇంతకంటే దగ్గర ఏముంటాది? అందుకే చదివే కొలత..."

"తెర దగ్గర ఉండాది. నేను చూసేది తెరను గాదు గదన్నా. మీ అద్దం దాన్ని తీసకపోయి యాడో దూరంగా పెడతాది. నా కళ్లు రోడ్డు చివరను చూస్తాండాయి."

ఆ మాట లోకనాథ్‌కు తెలియనిది కాదు. దగ్గరి వస్తువును దూరంగా చూపించడమే ఆ అద్దం పని. కానీ షాపుకు వచ్చే పదిమందిలో ఏడుగురు చదవడానికి కనపడటం లేదని వచ్చేవాళ్లు. దగ్గర అనే మాట వినగానే అతని చెయ్యి స్కేలు మీద రెండో అంకెకు పోతుంది. బొమ్మలేమో అరవై దూరంలో, అద్దాలేమో యాభై ఆరులో. ఆ నాలుగు మిల్లీమీటర్లు సరిపెట్టుకోవాలంటే కళ్లు రెండూ చెవుల వైపుకు విచ్చుకోవాలి. మనిషి కళ్లకు అది చేతకాదు. ఈ పిల్ల మూడు వారాలు తన కళ్లను అలా విప్పడానికి ప్రయత్నించింది.

అతను జేబులోంచి స్కేలు తీశాడు. అద్దాలు ఊడదీసి, ముందు పలకలో కొత్త గీతలు గీశాడు. ఫకీర్ సాహెబ్ సన్నని ఆకురాయి ఇచ్చాడు. రంధ్రాల అంచులు ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు బయటికి అరగదీయడానికి గంట పట్టింది. ఆర్షియా అంతసేపూ పలక కదలకుండా రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది.

పెట్టుకుంది. చక్రం బిగించుకుంది. లోకనాథ్ ఈసారి పెట్టె వైపు చూడలేదు, ఆమె నోటి వైపు చూశాడు. పెదవులు బిగుసుకొని ఉన్నాయి. తల మెల్లగా ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది.

"అన్నా."

"ఏంది మ్మా?"

"ఒకటి."

ఆదివారం ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సులో ఆర్షియా పెట్టెను కుక్కర్ అట్టపెట్టెలో పెట్టి ఒళ్లో పట్టుకొని కూర్చుంది. లోకనాథ్‌ను రమ్మని ఆమె పిలవలేదు, రావద్దనీ అనలేదు, అతనే వచ్చాడు. వివేక్ షాపు మేడ మీద గది. పాత లారీ సీటు ముందు ఇనుప చట్రానికి స్టీరింగు బిగించి ఉంది. సాయంత్రం నాలుగుకు పందెం. పన్నెండు కార్లు, నలభై నిమిషాలు. ఆమె తొమ్మిదో స్థానం నుంచి మొదలుపెట్టాలి.

ఆమె చూస్తున్నది గోడ మీది తెరలో అందరికీ కనపడుతోంది. లోకనాథ్ తెర కంటే ఆమె తలనే ఎక్కువ చూశాడు. మలుపు ఇంకా రాకముందే తల ఆ వైపుకు తిరిగేది. తాను ఇప్పుడున్న చోటును కాక, రెండు క్షణాల తర్వాత ఉండబోయే చోటును చూస్తోంది. ఒకచోట మూడు కార్లు పక్కపక్కనే మలుపులోకి దిగాయి. ఆమె ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి చూసి, మధ్యలో తన కారును సరిగ్గా పట్టేంత సందులో నిలిపి బయటికి తెచ్చింది. వివేక్ "ఓయమ్మో!" అని కుర్చీలోంచి లేచాడు. మూడు వారాల వాంతులు, నాలుగు పెట్టెలు, వెయ్యిసార్లు విప్పిన మరలు ఆ మలుపు దాటడంలో ఉన్నాయని ఆ గదిలో లోకనాథ్‌కు ఒక్కడికే తెలుసు. ఆమె అయిదో స్థానంలో ముగించింది.

పెట్టె తీస్తే నుదుటి మీద పట్టీ అచ్చు ఎర్రగా పడింది. గదిలో ఉన్న ఏడెనిమిది మంది ఒకరి తర్వాత ఒకరు పెట్టుకొని చూశారు. షాహిద్ అనే బక్కపలచటి మనిషి, "నాకు రెండు రెండుగా కనపడతాంది," అన్నాడు.

వివేక్ లోకనాథ్ వైపు తిరిగాడు. "అద్దాలేసింది మీరే గదన్నా? ఒకసారి పెట్టుకొని చూడండి, ఏమైనా జరిగిందేమో."

"నేను చూసి లాభం లేదప్పా," అన్నాడు లోకనాథ్. "నాకు ఒక కన్నే చూస్తాది."

"ఒక కంటితో ఊరందరికీ కళ్లద్దాలేస్తాండావా సామీ!" అన్నాడు షాహిద్. అందరూ నవ్వారు.

"ఇరవై రెండేండ్లు," అన్నాడు లోకనాథ్. అతనికీ నవ్వొచ్చింది.

"నీ కళ్ల మధ్య ఎడం ఎక్కువ. పెట్టె నాకు కొలిచి చేసింది," అంది ఆర్షియా షాహిద్‌తో. "కూచో, ఆయన కొలుస్తాడు. ఆయన కొలిస్తే తప్పు పోదు." కొంచెం ఆగి, "యా కొలత వాడాలనో అడిగితే మాత్రం నన్నడుగు," అంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చీనీ తోటలు దాటాక లోకనాథ్ అడిగాడు.

"ఎట్లుంటాది మ్మా అది? రెండు కండ్లకూ ఒకటే కనపడితే?"

ఆర్షియా అతని వైపు తిరిగి చూసింది. ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదా అని అడగబోయి మానుకున్నట్టుంది.

"ముందర కారు పోతాంటాది గదా. మామూలు తెరలో అయితే అది చిన్నగా కనపడతాది, అంతే. దాంట్లో అట్ల గాదు. నాకూ దానికీ మధ్యలో ఖాళీ ఉంటాది. ఆ ఖాళీ కనపడతాది."

"ఖాళీ కనపడతాదా?"

"కనపడతాదన్నా. చెయ్యి పెట్టొచ్చు అనిపిస్తాది. దాన్ని బట్టే గదా ఆ సందులోకి పోయింది."

లోకనాథ్ ముందు సీటు మీది కడ్డీని, దాని వెనక కూర్చున్న మనిషి మెడను, అద్దం అవతల రోడ్డును చూశాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి అంటించినట్టే ఉన్నాయి. వాటి మధ్య అందరూ చూస్తున్న ఒక వస్తువు ఉందట. ఎంతమంది ముఖాల మీద దాన్ని తన చేతులతో సరిచేసి పంపాడో.

"మల్లొకసారి చెప్పు మ్మా," అన్నాడు.

ఆమె అరచెయ్యి చాపి, వేళ్లకూ కిటికీకీ మధ్య గాల్లో చూపిస్తూ, ఈసారి నిదానంగా మొదటి నుంచి చెప్పసాగింది.